మింగిన నోరు

ఐదింటికి మొదలుపెడతామన్నారు. ఇప్పుడు నాలుగు దాటింది. అంతదాకా నేను ఈ ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలట, నా మొహం మీద లైటు ఎక్కడ పడాలో కెమెరా అతను ఒకసారి చూసిపెట్టాడు, కదిలితే మళ్లీ మొదటికొస్తుందట. కదలను నాయనా, ఏడాదిగా ఈ గంట కోసమే కూర్చున్నాను, ఇంకో గంట కూర్చోలేనా. మా గది పదడుగులు లేదు, అందులో రెండు లైట్లు, గొడుగులాంటి తెల్లగుడ్డ, కాళ్లకు చుట్టుకునే తీగలు, ముగ్గురు మగవాళ్లు. ఫ్రిజ్ కనిపించకూడదని దాని మీద దుప్పటి కప్పారు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఏడుపు చూసేవాళ్లకు నమ్మబుద్ధి కాదేమో. గోడకున్న విక్కీ ఫోటోను మేకు మీద నుంచి తీసి నా భుజం వెనక కనిపించేలా బీరువా మీద నిలబెట్టారు. దండ వాడిపోయిందని నేను మార్చబోతే వద్దు ఆంటీ, వాడిందే బాగుంది అన్నాడు అతుల్. అతుల్ అంటే టీవీ అతుల్, నా కొడుకు చచ్చిన రోజు నా మూతి ముందు మైకు పెట్టినవాడు, ఈరోజు నేను చంపబోయేవాడు. చంపడమంటే కత్తితో కాదు, నాకు చేతనైన పద్ధతిలో. వాడికి తెలియదు. వాడు తలుపు దగ్గర నిలబడి ఫోన్లో ఎవరితోనో, లొకేషన్ బాగుంది, గ్యాలరీ ఆ చివర ఇంకా అలాగే విరిగి ఉంది, అని సంతోషంగా చెబుతున్నాడు.

పచ్చచీరే కట్టుకోమన్నాడు, పోయినేడు కట్టుకున్నదే. చావునాటి చీర ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా, పదకొండోనాడే వదిలేశాను. ఉంది బాబూ అని అబద్ధమాడి, ఇంకో పచ్చచీర కట్టుకున్నాను. తేడా కనిపెట్టలేదు వాడు. మీ మొహం కన్నా ఆ చీరే జనానికి గుర్తుంది ఆంటీ అన్నాడు, వెటకారంగా కాదు, మర్యాదగానే. వాడి మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మంట. తిట్టేవాడినైతే తిరిగి తిట్టొచ్చు, చెంబెడు నీళ్లు మొహాన కొట్టొచ్చు. చెప్పులు బయట విప్పి వచ్చి, నా కాళ్లకు దణ్ణం పెట్టి, మంచినీళ్లు కూడా అడగకుండా కూర్చున్నవాడిని ఏం చేస్తాం. అందుకే ఈ ఏర్పాటు. చెమట పట్టి బ్లౌజు వీపుకు అంటుకుంటోంది, ఫ్యాను వేయొద్దన్నారు, చప్పుడు వస్తుందట. కింద నాగ్‌పాడా వైపు నుంచి ఇనుము కోసే మిషను కీచుమంటోంది, దాన్ని ఆపమని ఎవరు చెబుతారో చూద్దాం.

ఆరోజు మిషను ఆగిపోయింది, అది నాకు బాగా గుర్తు. జూన్ నెల మొదటి వాన, కరెంటు పోయింది, మిషను ఆగింది, అంతా నిశ్శబ్దం. నాలుగు చినుకులు పడగానే నేను పొయ్యి దగ్గర నుంచే కేకేశాను, ఒరేయ్ విక్కీ, గ్యాలరీలో బొంత ఆరేశాను, తడుస్తుంది, తీసుకురారా అని. వాడు లిఫ్టులు బాగుచేసే పనికి పోయేవాడు, ఆరోజు సెలవు, కూతుర్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. నా కోడలు సపన లేవబోయింది. నువ్వుండు, వాడు తెస్తాడులే అన్నాను. నేనే అన్నాను. వాడు దర్శనను కిందికి దించి గ్యాలరీలోకి వెళ్లాడు, బొంతను చుట్టి భుజాన వేసుకున్న చప్పుడు కూడా విన్నాను, ఆ తర్వాత ఇంకో చప్పుడు. మా తాత ఈ ఊళ్లో సున్నం మోశాడు, మేం పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లం, దూలాన్ని పిడికిలితో కొట్టి లోపల గుల్లయిందో లేదో చెప్పగలిగిన వంశం. గదుల ముందు అంతస్తు పొడవునా నడిచే ఆ గ్యాలరీ కింది దూలాలు గుల్లబారాయని నేను నాలుగేళ్లు మొత్తుకున్నాను. ఇంటి మాలక్, నెలనెలా మా అద్దె తీసుకునే యజమాని, మనిషిని పంపి కింద రెండు కర్రలు ఆనించాడు. మళ్లీ దరఖాస్తు రాశాం, అంతస్తంతా సంతకాలు పెట్టాం, ఇంకో కర్ర ఆనించాడు. అంతా తెలిసినదాన్నే బొంత కోసం కొడుకును పంపాను, రోజూ అందరం నడిచేదే కదా అని.

కిందికి ఎలా దిగానో తెలియదు. ఇటుకల మధ్య బొంత చెంగు కనిపించింది, పక్కనే వాడి చెయ్యి. ఏడుపు రాలేదు, రాగం వచ్చింది. నా లోపల అది ఉందని నాకే తెలియదు. మా నాయనమ్మ లచ్చమ్మ పల్లె నుంచి పెళ్లయి ఈ చాల్‌కు, ఈ వరసగదుల ఇంటికి, వచ్చింది, చావింట్లో ఆమె శోకం తీస్తే ఫాక్‌లాండ్ రోడ్డు దాకా ఆడవాళ్లు పనులు ఆపేసేవాళ్లు. ఆమె తర్వాత మా గల్లీలో ఎవరూ అలా ఏడవలేదు, అందరూ టీవీలో ఏడ్చినట్టే ఏడుస్తున్నారు, ముక్కు తుడుచుకుంటూ, చప్పుడు లేకుండా. యాభయ్యేడేళ్ల వయసులో, ఆ బురదలో కూలబడి, చేతులార పంపితి కొడుకా, నిన్ను నేనే మింగితి కొడుకా, బొంత తెమ్మని తోలితి కొడుకా, నిన్ను నేనే మింగితి కొడుకా అని అందుకున్నాను. మా శోకంలో తప్పు ఎప్పుడూ ఏడ్చేవాళ్లదే. మొగుడు పోతే పెళ్లాం నేనే మింగితి అంటుంది, కొడుకు పోతే తల్లి. చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, దేవుడు చెప్పడు, పోయినవాడు చెప్పడు, అందుకని కన్నది తన మీద వేసుకుంటుంది. విన్నవాళ్లు వచ్చి గట్టిగా పట్టుకుని, నువ్వేం చేస్తివి బిడ్డా, నీ తప్పేం లేదు అనాలి. ఏడ్చేదాని వంతు సగం, మిగతా సగం వినేవాళ్లది. ఆ సగం వచ్చేదాకా అంటూనే ఉండాలి. నేను తలెత్తి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు, నల్లటి స్పాంజి తొడుగున్న మైకు ఉంది.

నేను అన్న రెండు మాటలకూ హిందీ కావాల్సొచ్చింది వాళ్లకి. వాళ్ల ఆఫీసులో తెలుగువాడు ఒక్కడే, బంటీ, మా పక్క గల్లీవాడే, నేను చంకనెత్తుకుని తిప్పినవాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగంటే అమ్మ దగ్గర అన్నం పెట్టమనే తెలుగు, బడంతా మరాఠీలో, సరసమంతా హిందీలో. నేను చదివిన మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా పద్యాలు బట్టీపట్టించారు, వీడికి అక్షరాలే రావు. వాడికి తెలిసిన మింగడం మాత్ర మింగడం. చేతులార అంటే చేతులతో అనుకున్నాడు. అలా నా శోకం కింద హిందీలో అక్షరాలు పడ్డాయి, నా చేతులతో నేనే చేశాను, కొడుకును నేనే తినేశాను, అని. దానికి ఒక ఆడగొంతు కూడా అరువు తెచ్చి, భయం పుట్టేలా చదివించారు. మొదటిరోజు టీవీలో విరిగిన దూలం చూపించారు, చెదలు చూపించారు, మాలక్ పేరు ఒకసారి కింద పట్టీలో పరుగెత్తింది. మూడోరోజుకు దూలం పోయింది, చెదలు పోయాయి, మాలక్ పోయాడు. నేను మిగిలాను. తల్లి ఒప్పుకోలు అని ఎర్ర అక్షరాలు, చివర ప్రశ్నగుర్తు. ప్రశ్నగుర్తు పెడితే ఎవరినైనా ఏమైనా అనొచ్చట. నలుగురు కూర్చుని నేనెందుకు నా కొడుకును చంపుకున్నానో గంటసేపు వాదించుకున్నారు, అందులో ఒకతను డాక్టరు. పోలీసులు రెండుసార్లు వచ్చి అడిగి, ఏమీ లేదని వెళ్లిపోయారు, ఆ సంగతి ఎవరూ చూపించలేదు.

జనం గురించి చెప్పాలంటే నాకు నవ్వొస్తుంది. మొదటి మూడురోజులు ఎవరెవరో వచ్చి మెట్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు, కాలేజీ పిల్లలు నన్ను కౌగిలించుకుని నాకంటే ఎక్కువ ఏడ్చారు. నాలుగోరోజు వాళ్లలోనే ఒక పిల్ల దూరం నుంచి నన్ను ఫోన్లో తీసుకుంటోంది, చూడు అదే ఆమె, అంటూ. వారానికి కోపం కూడా చల్లారింది. నెలకు నా మొహం బొమ్మయింది. నోరు తెరిచి ఏడుస్తున్న నా మొహం, ఫోన్లలో పంపుకునే చిన్న బొమ్మ, క్రికెట్ ఓడిపోతే అది, బండి పాడైతే అది, ఉల్లిగడ్డ ధర పెరిగితే అది. వడాపావ్ బండి దగ్గర ఒక పిల్లవాడు స్నేహితుడికి చూపిస్తుంటే పక్కన నిలబడి నేనూ చూశాను. వాడు తలెత్తి నన్ను చూసి గుర్తుపట్టలేదు, ఆంటీ జరగండి అన్నాడు. వానాకాలం చివర ఇంకెక్కడో ఇంకో ఇల్లు కూలితే, అక్కడ ఏడ్చేవాళ్లు సరిగ్గా దొరకలేదో ఏమో, నా ఏడుపే వేశారు. ఇంకెవరి కొడుకుకో నా శోకం. ముప్ఫైసార్లు చూసుంటాను నన్ను నేను. మొదటిసారి టీవీ ఆపేసి గుమ్మంలో కూర్చున్నాను, పదోసారికి కళ్లు తడిశాయంతే, చివరికి నాకు కనిపించిందల్లా నా బ్లౌజు హుక్కు ఒకటి ఊడి ఉండటం. నా కొడుకు చావు నాకే పాతబడింది, ఆ పని చేసినవాళ్లను క్షమించమంటారా. నేనేదో పుణ్యాత్మురాలినని కాదు. ఆ వానకు ముందు ఎక్కడో వంతెన కూలి మనుషులు నీళ్లలో కొట్టుకుపోతుంటే చపాతీలు ఒత్తుతూ చూశాను, వేరే చానల్ పెట్టరా విక్కీ, పొద్దున్నుంచీ ఇదేనా, అన్నాను. వాడు పెట్టాడు. ఆ తల్లులలో ఎవరైనా నన్ను తిట్టుకునుంటే నాకు తగలాల్సిందే.

వీటన్నిటినీ భరించేదాన్ని. బొమ్మ చేసుకోండి, ఆడుకోండి, నా మొహం అరిగిపోయేదేముంది. కానీ దర్శన చూసింది. అప్పుడు ఐదేళ్లది, సపన దాన్ని తీసుకుని సాయన్‌లో పుట్టింటికి వెళ్లింది, అక్కడ వాళ్ల అమ్మ రోజంతా టీవీ పెట్టే ఉంచుతుంది. పిల్లకు తెలుగు రాదు, హిందీ వచ్చు, ఆ ఆడగొంతు చదివింది చెవినిండా వింది. పదకొండోనాటికి తీసుకొచ్చారు. నాలుగు రాత్రులుగా నిద్రలేక నేను ఆవలించాను. అంతే. నా నోరు చూసి ఆ పిల్ల కెవ్వుమని గది దాటి మెట్ల దాకా పరుగెత్తింది. ఎందుకే తల్లీ అంటే తల్లి కొంగులో తల దాచుకుని, దాదీ పప్పాను తినేసింది, నన్ను కూడా తింటుంది, అంది. నేను నేల మీద కూర్చుని, మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది ఏడుపు మాట తల్లీ, నిజంగా తినడం కాదు, అని హిందీలో, మరాఠీలో, నాకొచ్చిన అన్ని విధాలా చెప్పాను. టీవీలో చెప్పారు అంది. ఏడాదిగా నెలకోసారి వెళుతున్నాను, చాక్లెట్ గడప మీద పెడితే నేను రెండడుగులు వెనక్కి వేశాకే తీసుకుంటుంది. వాళ్ల ఇంట్లో నేను నీళ్లు కూడా తాగను, నోరు తెరవాలి కదా. సపనను అనడానికి లేదు, పిల్ల భయపడతది అత్తా, కొన్ని దినాలు పోనియ్యి అంటుంది, నా కళ్లలోకి మాత్రం చూడదు. బొంత సంగతి ఆమెకూ గుర్తుంది.

ఒకసారి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను, గేటు దగ్గరే ఆపేశారు. బంటీ దిగివచ్చాడు, మొహం ఎత్తలేదు. "నాకేం తెల్సు కాకీ, మింగుడంటే ఖానా అనే కదా. మా ఇంట్ల ఎవరు గిట్ల రాగం దీసి ఏడ్వలే" అని ఏడ్చాడు. వాడిని కొట్టాలని వెళ్లినదాన్ని, ముక్కు తుడుచుకోమని కొంగు ఇచ్చాను. తప్పయిందని మీ సారుకు చెప్పినవా అంటే, చెప్పాడట. అప్పుడు అతుల్ కూడా వచ్చాడు. ఎండలో నిలబెట్టినందుకు క్షమాపణ చెప్పాడు, కొబ్బరినీళ్లు తెప్పించాడు. తప్పు దిద్ది మళ్లీ చూపించు బాబూ, నా మనవరాలి కోసం, అన్నాను. ఆంటీ, ఇప్పుడు దాన్ని కదిపితే మీకే నష్టం, జనం మూడు రోజుల్లో మర్చిపోతారు, అన్నాడు. వాడు చెప్పింది నిజం. అందరూ మర్చిపోయారు, నన్ను తిట్టినవాళ్లు తిట్టిన సంగతి కూడా మర్చిపోయారు. ఆరేళ్ల పిల్ల ఒక్కతే మర్చిపోలేదు. కొబ్బరిబోండం పట్టుకుని ఫోరస్ రోడ్డు దాకా నడిచి వచ్చాను, ఎక్కడ పారేశానో తెలియదు, ఆ దారిలోనే నాకు నాయనమ్మ కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది.

ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో నాకు. నాయనమ్మను చూసి, గ్యాలరీలో కూర్చుని బొమ్మకు శోకం తీస్తూ ఆడుకుంటున్నాను. బొమ్మకు పేరు కావాలి కదా, మా బాబాయి పేరు పెట్టాను. నాయనమ్మ బియ్యం చేట పారేసి వచ్చి నా మూతి మీద కొట్టింది, నోట్లో మిరపకాయ కుక్కింది, బతికినోని పేరు శోకంల తీస్తవానే ముండా, అని వణికిపోయింది. శోకంలో పేరు పడిందంటే వాడు పోయినట్టే లెక్క. తెలియక అన్నా, తెలిసి అన్నా. అంతకంటే పెద్ద శాపం మా వాళ్లకు లేదు, ఎంత పగ ఉన్నా, తోడికోడళ్లు జుట్లు పట్టుకున్నా, ఆ పని మాత్రం చేయరు. నేను చేస్తాను. సంవత్సరీకం కార్యక్రమం అని అతుల్ ఫోన్ చేసినప్పుడు వెంటనే ఒప్పుకున్నది అందుకే. అప్పటిలాగే తెలుగులో ఏడవగలరా ఆంటీ, అన్నాడు భయం భయంగా. ఎందుకు ఏడవను బాబూ, కడుపు చల్లబడేలా ఏడుస్తాను, అన్నాను. వాడి పేరు పెట్టి, వాడి చానల్లోనే, వాడి లైట్ల కిందే. భివండీలో, షోలాపూర్‌లో, పాలమూరులో తెలుగు వచ్చిన ప్రతి ఆడదీ నోటి మీద చెయ్యి వేసుకుంటుంది, వాడు మాత్రం తల ఊపుతూ వింటాడు. పదిసార్లు వేస్తాడు, పదిసార్లు చస్తాడు. పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. చేయాలని మాత్రం ఉంది. వాడికీ ఒక తల్లి ఉంది, దాదర్‌లో ఉంటుందట, మోకాళ్ల నొప్పులట, ఫోన్లో వాడే చెప్పాడు. నిన్న రాత్రి ఆమె గుర్తొచ్చి కాసేపు మనసు మెత్తబడింది. ఆమె మాత్రం నా ఏడుపు చూడలేదా, టీవీలో కొడుకు పేరు కింద పడుతుంటే గర్వపడుతూ, అన్నంలో చారు పోసుకుంటూ. ఆమె కూడా పడనీ.

ఐదైంది. మైకు తీగ నా కొంగుకు తగిలించారు, బంటీ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూలన కూర్చున్నాడు, నా వైపు చూడడం లేదు. వాకిట్లో చాల్ వాళ్లు గుమిగూడారు, పెద్దయ్య కాకా ముక్కాలి పీట వేసుకుని ముందే కూర్చున్నాడు, ఎనభై దాటినవాడు, మా నాయనమ్మ శోకాలు విన్నవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో వాకిట్లో జనం దారి ఇచ్చారు. సపన. చేయి పట్టుకుని దర్శన. నేను కుర్చీలోంచి లేవబోయాను, లైటు, లైటు, అన్నాడు కెమెరా అతను.

"ఆయనే ఫోన్ జేసి పిల్లను గూడ తీస్కరమ్మన్నడు అత్తా" అంది సపన చిన్నగా. "నువ్వే చెప్పినవన్నడు."

నేను చెప్పలేదు. అతుల్‌ను చూశాను, వాడు నా చూపు తప్పించుకుని పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఎంత ప్రేమగా కూర్చున్నాడో. దాదీ ఒళ్లో కూర్చుంటావా బేటా అన్నాడు. పిల్ల తల్లి వెనక్కి జరిగింది. ఎందుకు, దాదీ అంటే భయమా, అన్నాడు, అంటూనే వెనక్కి చెయ్యి చాపి కెమెరాకు సైగ చేశాడు, ఎర్రచుక్క వెలిగింది. పిల్ల నా నోటి వైపు చూసి, దాదీ పప్పాను తినేసింది, అంది. వాకిట్లో ఒకామె రామరామ అంది. అతుల్ కళ్లలో నీళ్లు తిరిగాయి, దొంగ నీళ్లు కావు, నిజమైనవే, వాడి జబ్బే అది, నిజంగా ఏడుస్తూనే ఆ పని చేయగలడు. కళ్లు తుడుచుకుని, బేటా, ఇంకొక్కసారి, కొంచెం గట్టిగా, ఇటు కెమెరా వైపు చూసి చెప్పు, అన్నాడు.

పిల్ల ముందు ఆ రాగం తీయకూడదని లోపల ఎవరో అంటూనే ఉన్నారు, దానికి పీడకలయిన ముక్కే అది, దాని కళ్లముందే తీస్తావా, అని. కానీ ఇంకొక్కసారి అన్న మాట వినగానే నా నోరు నా చేతిలో లేదు. ఒళ్లంతా సెగ. రెండు చేతులూ తొడల మీద చరిచి అందుకున్నాను, అతులూ, ఓ నా అతులూ, మైకు చేతవట్టి వస్తివి అతులూ, మన్ను చేతవట్టి పోతివి అతులూ, నిన్ను నేనే మింగితి అతులూ. నీ తల్లి తలుపు దగ్గర కూసున్నది అతులూ, నీకు పెట్టిన కంచం ఆరిపాయె అతులూ, నిన్ను నేనే మింగితి అతులూ. గొంతు పగిలిపోతోంది, తీపిగా ఉంది, ఏడాదిగా ఇంత తీపి తెలియలేదు. బంటీ చెవుల మీది హెడ్‌ఫోన్లు పీకేశాడు, వాడికి ఇప్పుడు ఈ తెలుగు బాగానే వచ్చు. పెద్దయ్య కాకా పీట మీద నుంచి లేచాడు.

"రత్నా! ఏమంటున్నవే? బతికినోని పేరు తీస్తున్నవ్. ఆపు!"

నేను ఆపలేదు. అతుల్ పెద్దయ్యను సముదాయిస్తున్నట్టు చెయ్యి ఊపి, నాకు బొటనవేలు చూపించాడు, ఆపొద్దు అని. తన పేరు వినబడుతూనే ఉంది వాడికి, నేను తనకు చెప్పుకుంటున్నాననుకున్నాడు కాబోలు, ప్రతి అతులూకీ భక్తిగా తల ఊపుతున్నాడు. ఊపు నాయనా. నిన్ను పాడె మీద పెట్టితి అతులూ, నిన్ను నేనే మింగితి అతులూ.

దర్శన తల్లి కొంగు వదిలింది. నేను చూస్తూనే ఉన్నాను, పాడుతూనే ఉన్నాను. పిల్లకు తెలుగు రాదు, ఆ ఒక్క ముక్క మాత్రం వచ్చు, మింగితి, టీవీలో దాని కింద ఏం రాస్తారో, ఆ గొంతు ఏమని చదువుతుందో దానికి కంఠతా వచ్చు. అది నన్ను చూసింది, అతుల్‌ను చూసింది. మెల్లగా వాడి దగ్గరికి వెళ్లింది. ముందు వేలితో వాడి మోకాలు పొడిచింది. తర్వాత చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి తిప్పి చూసింది, ఆ చెయ్యి వదిలేసి రెండోది చూసింది. చొక్కా గుండీ లాగింది. అతుల్ ముచ్చటగా నవ్వి, ఏం చూస్తున్నావు బేటా, అన్నాడు.

"దాదీ మిమ్మల్ని తినేశానంటోంది" అంది దర్శన హిందీలో, చక్కగా, గట్టిగా, వాడు కోరినట్టే. "కానీ మీరు ఉన్నారు కదా అంకుల్. మొత్తం ఉన్నారు."

నా రాగం గొంతులోనే తెగింది. అతుల్ ఆ నవ్వుతోనే బంటీ వైపు తిరిగాడు. ఆంటీ ఏమంటోంది, నన్నా, అన్నాడు. బంటీ హెడ్‌ఫోన్ల తీగ చుట్టడం మొదలుపెట్టాడు. పెద్దయ్య కాకా మరాఠీలో, అబ్బాయ్, ఇంటికి పోయి తలస్నానం చెయ్యి, ఆమె నిన్ను చచ్చినవాళ్లలో కలిపింది, అన్నాడు. అప్పుడు పోయింది నవ్వు. వాడి చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది, పోయినేడు మైకు పట్టుకున్న చెయ్యి. నేను కడుపునిండా చూశాను. దాచుకోను, నాకు సంతోషమైంది.

దర్శనకు వాళ్ల గొడవ పట్టలేదు. తీగలు దాటుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చింది, ఏడాదిలో మొదటిసారి, వెనక్కి అడుగు వేయకుండా. నేను నోరు మూసుకుని, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాను. దాదీ, నోరు తెరువు, అంది. తెరిచాను. అది మునివేళ్ల మీద లేచి లోపలికి తొంగిచూసింది, పళ్లు చూసింది, ఊడిన పన్ను ఖాళీలో వేలు పెట్టి చూసింది. అది ఉత్త ఏడుపు మాటే కదా, అంది, నేను ఏడాదిగా చెబుతున్నది తనే కనిపెట్టినట్టు. అవునని తల ఊపాను. అది వేలు గౌనుకు తుడుచుకుంది.

"మరి పప్పాను ఎవరు తిన్నారు?"

కట్ చెయ్, ఆపు, అన్నాడు అతుల్. ఎర్రచుక్క ఆరిపోయింది. లైట్లు ఆపడం మాత్రం మర్చిపోయారు, ఆ వేడిలోనే నా కొంగుకున్న తీగ పీకి పారేసి పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను, దానికి వచ్చిన భాషలోనే, ముందుగా ఇంటి మాలక్ పేరు చెప్పాను.